ఎవరికి కొవ్వు ఎక్కువ?

కోవిల్‌పట్టి,
పంగుని నెల

విరుదునగర్‌లో గుండె బాగుచేయించుకుని దర్జాగా కూర్చున్న అన్న లక్ష్మణసామికి, తమ్ముడు వెంకటసామి రాసేది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

ఫోను చేయక ఉత్తరం ఎందుకంటావేమో. మా ఇంట్లో ఫోను చెల్లమ్మాళ్ చేతిలోనే ఉంటుంది, అదీ స్పీకరు పెట్టి. మీ ఇంట్లో పరమేశ్వరి వదిన దగ్గరా అంతే. అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున కాఫీ మొదలుకొని మాట్లాడుకుంటూనే ఉంటారు. మధ్యలో మనం ఒక్క మాట అనుకుంటే అది రెండు వీధులకు వినబడుతుంది. తెలుగులో రాసుకుంటే ఆ బెడద లేదు. మన ఆడవాళ్ళకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు, మన పిల్లలకు తమిళం, ఇంగ్లీషు తప్ప ఇంకో అక్షరం రాదు. తెలుగులో ఉత్తరం రాయగలిగినవాడికే పిల్లనిస్తానని మన మామగారు పట్టుబట్టబట్టే కదా, మీసాలొచ్చాక మనం పలకలు పట్టుకున్నది! ఆ చదువు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది.

అసలు సంగతికి వస్తాను. నిన్ను ఆసుపత్రిలో చూసి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నీ మీద బెంగ అనుకోకు. నీ మంచం చుట్టూ ఆ జనం ఏమిటి! పుదూరు నుంచీ విళాత్తికుళం నుంచీ బస్సులెక్కి వచ్చారు. ఆపిల్ పళ్ళు, హార్లిక్సు సీసాలు పెట్టడానికి చోటు లేక నర్సు విసుక్కుంది. నాకు హెర్నియా ఆపరేషనైనప్పుడు చూడ్డానికి వచ్చింది ఒక్కడు. వాడు కూడా పక్క మంచం వాడి కోసం వచ్చి, నన్ను చూసి మొహమాటపడి పలకరించాడు.

పైగా వదిన ఆ మాత్రల అట్ట వచ్చిన వాళ్ళందరికీ చూపించడం. "అటార్వాస్టాటిన్ ఎనబై! దీనికి మేల ఇంగ పెద్ద మాత్ర లేదని డాక్టరు సెప్పినాడు." అది విన్న చెల్లమ్మాళ్ బస్సులో సాత్తూరు దాటేదాకా అదే పాట: "మా బావకి ఎనబై అంట! మీకి ఏముండాది? సుమ్మా షుగరేగదా!"

మగవాడన్నాక రోషం ఉంటుంది. మర్నాడే మా వీధి చివర ఆసుపత్రికి వెళ్ళాను. శివరంజని అని చిన్న వయసు డాక్టరు. రక్తం తీయించి కాగితం చూసి, "అయ్యా, ఉంగళుక్కు కొళుప్పు జాస్తి" అంది, అంటే నాకు కొవ్వెక్కువని. లేచి నిలబడ్డాను. "ఏమమ్మా, నా మనవరాలి ఈడు లేదు నీకు. నా కొవ్వు సంగతి నీకెందుకు? నేనేం మర్యాద తప్పినాను?" అని అరిచాను. అప్పుడు నర్సు వచ్చి, అది ఒంట్లో పొగరు కాదు, రక్తంలో కొవ్వు అని సర్దిచెప్పింది. తమిళంలోనూ మన భాషలోనూ రెండింటికీ ఒకటే మాట పెట్టిన వాళ్ళది తప్పు గాని నాది కాదు.

ఇంతా చేసి ఎంత ఇచ్చిందో తెలుసా? పది. పది మిల్లీగ్రాములు! ఎనభై ఇవ్వమని బతిమాలాను. "ఆయనకు గుండెపోటు వచ్చింది. మీకు రాకూడదని ఇస్తున్నాను. మీ షుగరుకీ వయసుకీ ఇది చాలు" అంది. రాకుండా ఉన్నందుకా నాకీ శిక్ష?

ఇట్లు,
చిల్లర మాత్ర మింగుతున్న తమ్ముడు,
వెంకటసామి

తా.క.: ఆ హార్లిక్సు సీసాల్లో రెండు మాకు పంపితే మీ అలమరలో చోటు కలిసొస్తుంది.

*

విరుదునగర్,
చిత్తిరై నెల

పది దగ్గరే ఆగిపోయిన తమ్ముడు వెంకటసామికి, ఎనభై దాకా ఎదిగిన అన్న లక్ష్మణసామి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి నవ్వితే గుండె దగ్గర పట్టేసింది. స్టెంటు పెట్టిన చోటు, జాగ్రత్తగా చూసుకోవాలి. నీకు స్టెంటంటే తెలియదు కదూ? రక్తనాళంలో పెట్టే సన్నటి లోహపు జల్లెడ గొట్టం. నా గుండెలో అది ఉంది. నీ గుండెలో కుళ్ళు తప్ప ఏముంది?

నీకు కొవ్వెక్కువని తెలుసుకోవడానికి సూది గుచ్చి రక్తం తీయాలా? పెళ్ళికి ముందు నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే మామగారు ఆ మాట అన్నారు. నా అక్షరాలు చూసి ముత్యాలన్నారు. నీవి చూసి, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో కోళ్ళు తిరిగినట్టున్నాయన్నారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నాకు ఎనభై, నీకు పది.

ఒక్క బాధ మాత్రం ఉంది. మా మిరప మండీ నుంచి ఇంటికొచ్చే దారిలో నూనె పరోటా వాసన వస్తుంది. మీ వదిన నా ముక్కు పట్టుకుని నడిపించడం ఒక్కటే తక్కువ. "ఆ పక్క సూడొద్దు, నేరుగా నడువు" అంటుంది. ఈ ఊళ్ళో పుట్టి పరోటాకు మొహం తిప్పుకుని నడిచే మగవాణ్ణి నేనొక్కణ్ణే.

దీవెనలతో,
నీ అన్న,
లక్ష్మణసామి

తా.క.: మీ అంగడి వేరుశెనగల కడలై మిఠాయి పంపకు, డాక్టరు వద్దన్నాడు. పంపదలిస్తే మాత్రం ఇంటికి పంపకు, మండీకి పంపు.

*

కోవిల్‌పట్టి,
వైకాసి నెల

జల్లెడ గుండె అన్నకు, తమ్ముడు రాసేది.

కొవ్వు మాట నువ్వు అని ఉండకూడదు. డాక్టరమ్మ అంటే చదువుకున్న పిల్ల, తెలియక అంది. నువ్వు తెలిసే అన్నావు. పైగా మామగారిని సాక్ష్యానికి పిలిచావు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నా అక్షరాల మీద పడ్డ ఆ కోళ్ళు ఇంకా దిగలేదు.

ఆ కోపంలోనే ఒక పని చేశాను. నువ్వు అన్నవు కాబట్టి దాచను. ఎనిమిది పదులు ఎనభై అని నాకూ తెలుసు. రోజుకొకటి వేసుకోవాల్సిన మాత్రలు ఎనిమిదేసి వేసుకున్నాను. నీతో సమానమైపోయానని కొన్నాళ్ళు మీసం దువ్వుకుంటూ తిరిగాను.

తర్వాత తొడలు పట్టేశాయి. ఎవరో రోకలితో దంచినట్టు నొప్పులు. కింద కూర్చుంటే లేవలేను. ఒకరోజు దొడ్డికి వెళ్ళి లేవలేక గోడ పట్టుకుని అరిస్తే చెల్లమ్మాళ్ వచ్చి లేవదీసింది. ఇంతకంటే పరువు తక్కువ ఏముంటుంది? డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నిజం చెప్పక తప్పలేదు. ఆ పిల్ల పెట్టిన చీవాట్లు మన నాన్న కూడా పెట్టలేదు. "ఇది కండరాలకు పట్టుకుంటే కిడ్నీ దాకా పోతుంది. ఎవరికెంత ప్రమాదముందో చూసి మాత్ర ఇస్తాం. ఎక్కువ మాత్రంటే ఎక్కువ ప్రమాదమని అర్థం, ఎక్కువ మర్యాదని కాదు" అంది. మళ్ళీ రక్తం తీసి, కొన్నాళ్ళు ఆపించి, తిరిగి ఆ పదితోనే మొదలుపెట్టించింది.

ఆమె మాట నిజమైతే, అన్నా, నువ్వు ఎనభై అని ఊరేగిస్తున్నది నీ గొప్ప కాదు, నీ గండం.

ఇట్లు,
తొడనొప్పుల్లో మాత్రమే నిన్ను మించిన తమ్ముడు,
వెంకటసామి

తా.క.: మాత్రలు అంత తొందరగా ఎట్లా అయిపోయాయని చెల్లమ్మాళ్ మొదట్లో అడిగితే ఎలుక తినేసిందన్నాను. గుండె గట్టి ఎలుక ఒకటి మా ఇంట్లో తిరుగుతోందని వీధంతా చెప్పి నవ్వుతోంది. నిజం తెలిశాక కూడా నన్ను ఎలుకా అనే పిలుస్తోంది.

*

విరుదునగర్,
ఆని నెల

తమ్ముడు వెంకటసామికి, గెలిచిన అన్న రాసేది.

మొన్న నా రక్తం పరీక్ష కాగితం వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ యాభై అయిదుకు లోపల ఉండాలన్నాడు డాక్టరు. నాది యాభై నాలుగు! ఇది పరీక్షలో మార్కులకు తలకిందుల లెక్క, ఎంత తగ్గితే అంత గొప్ప. నీది నూట ఇరవైకి పైనే అని చెల్లమ్మాళ్ మీ వదినకు స్పీకరులో చెప్పగా విన్నాను. చిన్నప్పుడు ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సిన చోట తెచ్చుకోక, ఇక్కడ తెచ్చుకున్నావు.

గెలిచాను కాబట్టి మాత్ర మానేశాను. గమ్యం చేరాక కూడా బస్సులో కూర్చునేవాడు ఎవడు? రోజూ పొద్దుగూకాక మీ వదిన మాత్ర ఇస్తుంది. నోట్లో వేసుకున్నట్టు నటించి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తున్నాను. ఈ సంగతి ఈ ఊళ్ళో నాకూ చెట్టుకూ తప్ప ఎవరికీ తెలియదు.

నీకొక మాట చెబుతాను. నవ్వితే నవ్వు. ఆ రోజు మండీలో నొప్పి వచ్చినప్పుడు మీ వదినతో గ్యాసు అన్నాను. ఆంబులెన్సులో పక్కన కూర్చుని ఏడుస్తుంటే అప్పుడూ గ్యాసే అన్నాను. అబద్ధం. చచ్చిపోతున్నానని నాకు తెలుసు. ఏం చేయాలో తోచక, తెలివి ఉందో లేదో చూసుకుందామని దుప్పటి మీద వేలితో నా పేరు తెలుగులో రాసుకున్నాను. 'ల' రాశాను. 'క్ష' కింద 'మ' ఎలా పెట్టాలో గుర్తు రాలేదు. నలభై ఏళ్ళుగా రాస్తున్న పేరు! ఆసుపత్రి వచ్చేదాకా ఆ అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఆ మాత్ర చేతిలో పడినప్పుడల్లా ఆ దుప్పటి గుర్తొస్తుంది. అందుకే మానేశాను. గెలిచానన్నది పైకి చెప్పే సాకు.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఉంటాను,
లక్ష్మణసామి

తా.క.: కరివేపాకు చెట్టు ఏపుగా పెరుగుతోంది. దానికి ఇక గుండెపోటు రాదు.

*

కోవిల్‌పట్టి,
ఆడి నెల

అన్నా, తమ్ముణ్ణి రాస్తున్నాను. ఈసారి ఎకసెక్కాలు లేవు.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. అంగడి మూసేసి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాను. పేరు చెప్పకుండా, తెలిసిన మూర్ఖుడొకడు ఉన్నాడని చెప్పి అడిగాను. ఆ యాభై నాలుగు మాత్ర వల్లే వచ్చిందట. ఆపితే కొన్ని వారాల్లోనే మళ్ళీ ఎక్కుతుందట. కలుపు తీశాక చేను శుభ్రంగా కనబడుతోందని ఇక కలుపే రాదనుకుంటే ఎట్లా? నువ్వూ నేనూ ఈ కరిసలు నేలలో, నల్లరేగడిలో పుట్టినవాళ్ళమే కదా! స్టెంటు ఒక్కచోటే పెడతారు, మిగిలిన నాళాలకు ఆ మాత్రే కాపలా. నాళం గోడకు పేరుకున్న కొవ్వు పగిలి అడ్డుపడకుండా గట్టిపరిచేదీ అదేనట. గుండెపోటు వచ్చినవాడు దాన్ని తనంతట తాను ఆపితే రెండోసారి పిలిచినట్టేనంది.

మాత్ర వేసుకో. నీ మీద ప్రేమతో చెబుతున్నాననుకుంటే నీకు నమ్మకం కలగదు, కాబట్టి నిజం చెబుతాను. నలభై ఏళ్ళుగా నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను. నీ మండీ చూసి, నీ అక్షరాలు చూసి, పెద్దల్లుడికి మామగారు వేసే పెద్ద పీట చూసి. పొద్దున లేవగానే నువ్వేం చేస్తున్నావో అన్న మంట లేకపోతే నాకు మంచం దిగబుద్ధి కాదు. నువ్వు పోతే నేనెవరిని చూసి కుళ్ళుకోవాలి? ఈ వయసులో కొత్తవాణ్ణి వెతుక్కుని మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

నీ తమ్ముడు,
వెంకటసామి

తా.క.: క్ష్మ. క్ష్మ. క్ష్మ. ఇట్లా రాస్తారు. ఈ కాగితం జేబులో పెట్టుకో.

*

విరుదునగర్,
ఐప్పసి నెల

తమ్ముడికి, నీ కుళ్ళు నాకు అర్థమైంది.

నేను గెలిచి, మాత్ర కూడా లేకుండా తిరుగుతుంటే నువ్వు ఓర్వలేకపోయావు. ప్రేమ అనకుండా కుళ్ళు అన్నావు, ఆ నిజాయితీకి మెచ్చుకుంటున్నాను. నాకు నా పేరు రాయడం నేర్పించే దాకా వచ్చావు చూడు, దానికి మాత్రం క్షమించను.

ఇప్పుడు గుండె దిటవు చేసుకుని ఇది చదువు. మాత్ర మాని మూడు నెలలు దాటింది. మళ్ళీ రక్తం పరీక్ష చేయించాను. యాభై రెండు! మాత్ర వేసుకున్నప్పటికంటే తగ్గింది. మీ డాక్టరమ్మకు చూపించు. దీనికంతా కారణం ఉలవచారు. ఆడి నెలలో మీ వదిన ఉన్నట్టుండి రోజూ సాయంత్రం నాకు ఒక్కడికే గిన్నెడు ఉలవచారు కాచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎదురుగా నిలబడి, ఆఖరి చుక్క దాకా తాగిస్తుంది. "మిగల్చకూడదు, అడుగున ఉండేదే బలం" అంటుంది. కాస్త చేదుగా ఉంటుంది గాని మనిషికి బలం.

ఈ రహస్యం లోకానికి చెప్పాలని మండీలో అందరికీ చెబుతున్నాను. గుండె మాత్రలు మానేసి ఉలవలు తినండని నోటీసు అచ్చు వేయించబోతున్నాను.

విజయంతో,
లక్ష్మణసామి

తా.క.: నోటీసుకు అక్షరాలు నేనే రాస్తాను, ముత్యాల్లా ఉంటాయి కాబట్టి.

*

కోవిల్‌పట్టి,
మార్గళి నెల

ఉలవల అన్నకు, ఓడిన తమ్ముడు రాసేది.

నువ్వు మహానుభావుడివి. నీ ఉత్తరం అందిన రోజే నేనూ ఆ పది మిల్లీగ్రాముల మాత్ర పక్కన పడేసి ఉలవచారుకు దిగాను. ఇంటిల్లిపాదికీ ఉలవల వాసన. నిన్న పరీక్ష కాగితం వచ్చింది. నూట అరవై ఎనిమిది.

ఇదేం న్యాయం? ఒక తల్లి పిల్లలే కదా, వదిన చేతిలో ఉన్నదేమిటి, చెల్లమ్మాళ్ చేతిలో లేనిదేమిటి? ఈవిడ కాచేది చారు కాదు, కుడితి. చేదన్నమాటే లేదు. నీకు చేదుగా ఎందుకుంటుందో, నాకు ఎందుకుండదో కొంచెం వదినను అడిగి రాయి. మీరు ఉలవలు ఏ అంగట్లో కొంటారు? నరికుడి ఉలవలా, పుదూరువా? వదిన పొడి ఏదైనా కలుపుతుందా?

స్టెంటు నీకే, ఎనభై నీకే, ఆఖరికి మంచి చారు కూడా నీకేనా? నలభై ఏళ్ళ కుళ్ళంతా ఒక ఎత్తు, ఈ చారు ఒక ఎత్తు.

ఇట్లు,
కుడితి తాగుతున్న
వెంకటసామి

తా.క.: చెల్లమ్మాళ్‌కు నేను కుడితి అన్నట్టు తెలియనివ్వకు. ఈ ఉత్తరం పోస్టు చేయమని ఆమెకే ఇస్తున్నాను. తెలుగు చదవడం రాకపోవడం ఎంత మేలు!

*

విరుదునగర్,
మార్గళి నెల

మరిదిగారికి, పరమేశ్వరి నమస్కారం.

అవును, నేనే. ఉత్తరం కింద పడేసి ఉంటారు, తీసుకుని కూర్చుని చదవండి.

మా నాన్నకు అప్పటికే చూపు మందగించింది. పెళ్ళికి ముందు మీరిద్దరూ రాసిన ఉత్తరాలు ఆయనకు చదివి వినిపించింది ఎవరనుకున్నారు? నేనూ చెల్లీ. అల్లుళ్ళకు రావాల్సిన అక్షరాలు కూతుళ్ళకు రావని మీరెలా అనుకున్నారో మాకు తెలియదు. నలభై ఏళ్ళలో ఒక్కరోజైనా అడగలేదు, మేమూ చెప్పలేదు. మా ఆయన ఉత్తరం రాసి అంటించమని నా చేతికే ఇస్తారు. చదివి అంటిస్తాను. మీది చెల్లి చదివి అంటిస్తుంది. కుడితి అన్న మాట కూడా చదివింది. ఈ పూట ఇంటికి వెళ్ళేటప్పుడు మల్లెపూలు మరిచిపోకండి.

మీరు అడిగిన పొడి సంగతి చెబుతాను. నేను ఉలవచారులో కలిపేది అటార్వాస్టాటిన్ ఎనభై, మెత్తగా నూరి. కరివేపాకు చెట్టు తింటున్నది కాల్షియం మాత్ర. డాక్టరును అడిగే చేశాను. నూరినా పని చేస్తుంది గాని, ఎన్నాళ్ళు దాస్తావమ్మా, ఆయన్ను ఒప్పించాలి అన్నాడు. ఇప్పుడు మనిషి నోటీసులు అచ్చు వేయించబోతున్నాడు. అది నమ్మి మండీలో ఎవరైనా మాత్ర మానేస్తే ఆ పాపం నాది. మీరు మానేశారు చూశారా? ఈ ఉత్తరం మడిచీ మడవకముందే మీ పది మళ్ళీ మొదలుపెట్టండి.

మా ఆయనకు మీరొక ఉత్తరం రాయాలి. బుద్ధి చెప్పొద్దు, ఒకసారి చెప్పి చూశారుగా. డాక్టరమ్మ మీకు కొత్తది, ఎనభైకంటే గట్టి మాత్ర ఇచ్చిందని, అది మింగే అర్హత ఈ చుట్టుపక్కల మీకొక్కరికే ఉందని రాయండి. మర్నాడే ఈయన లేచి తన మాత్ర తానే అడిగి మింగకపోతే నా పేరు మార్చుకుంటాను. నిజం తర్వాత నేనే చెబుతాను.

ఇంకొకటి. ఇన్నాళ్ళూ మీరు ఆయన్ను చూసి కుళ్ళుకున్నారు. నేను మిమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నాను. ఆంబులెన్సులో ఆయన చెయ్యి ఒకటి నా చేతిలోనే ఉంది. రెండో చేతి వేలు దుప్పటి మీద కదలడం చూసి నొప్పికి కొట్టుకుంటోందనుకున్నాను. పేరు రాసుకుంటున్నాడని మీకు రాసిన ఉత్తరంలో చదివి తెలుసుకున్నాను. నాతో గ్యాసన్నాడు, మీతో భయమన్నాడు. ఆ అక్షరం నాకూ వచ్చు కదా, అడిగి ఉంటే అక్కడే రాసి చూపించేదాన్ని. వంటింట్లో కూర్చుని ఆ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆయన వచ్చి ఏమిటంటే ఉల్లిపాయలన్నాను.

మీరు రాసిన క్ష్మ కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఉతకడానికి వేసినప్పుడల్లా తీసి మళ్ళీ పెడుతున్నాను.

మీ వదిన,
పరమేశ్వరి

తా.క.: అక్షరాలు ఎవరివి బాగున్నాయని నాన్న అప్పట్లో నన్నే అడిగాడు. సిన్నల్లుడివే అన్నాను. "వాడికి సెప్పొద్దు తల్లీ, కొవ్వెక్కుతాది" అన్నాడు. ఇప్పుడు మీరు ఎలాగూ దానికి మాత్ర వేసుకుంటున్నారు కదా, అందుకని చెబుతున్నాను.